నూటికి పది, నూటికి ఐదు: దత్తమండలాల పైమాషీలో ఒక పోలిక నియమం

థామస్ మన్రోను రాయలసీమ కథల్లో దాచుకుంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి లేచి వచ్చి ఆయనతో మాట్లాడాడని ఒక కథ. వేంపల్లె దగ్గర గండిలో పాపాఘ్ని మీద ఎవరికీ కనబడని బంగారు తోరణం ఆయనకు కనబడిందనీ, అది కనబడినవాడు ఎక్కువ రోజులు బతకడని పక్కవాళ్ళు అప్పుడే అనుకున్నారనీ ఇంకో కథ. ఆయన నిజంగానే 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళు కూడా ఈ సీమలో ఉండేవి. చరిత్ర పుస్తకాలు ఈ కథలను పక్కన పెట్టి, ఒక్కో రైతు నుంచి నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టిన దొరగా ఆయన్ను గుర్తు పెట్టుకుంటాయి. కథలకూ పుస్తకాలకూ మధ్య జారిపోయిన సంగతి ఒకటుంది. 1802లో దత్తమండలాల్లో మొదలైన పైమాషీలో, అంటే భూమి కొలతలో, అసలు కొత్తదనం గొలుసులో లేదు, శిస్తు రేట్లలోనూ లేదు. ఒకే చేనును ఇద్దరు కొలిచినప్పుడు రెండు లెక్కలూ ఎంత దగ్గరగా ఉంటే సరిపోయినట్టో ముందుగానే అంకెల్లో చెప్పిన నియమంలో ఉంది. ఆ నియమం వేటిని పట్టుకోగలిగిందో, ఏది దాని కంటికి ఆనలేదో విడదీసి చూస్తే, 1807 తర్వాతి పదమూడేళ్ళలో ఈ పల్లెలు పడిన అవస్థకు కారణం చాలావరకు తెలుస్తుంది.

1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాడు. కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలతో పాటు కర్నూలు వైపు పత్తికొండ, కోయిలకుంట్ల, కంభం కూడా అందులోనివే. కర్నూలు పట్నం, నంద్యాల, నందికొట్కూరు మాత్రం నవాబు చేతిలోనే 1839 దాకా ఉండిపోయాయి. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రోకు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసిన అనుభవం ఉంది. కానీ ఇక్కడ చేతికందిన భూమి లెక్కలన్నీ కరణాల కవిలెకట్టల్లో ఉన్నవే. ఆ లెక్కల్లో నేల విస్తీర్ణం ఊరికొక కొలతలో ఉండేది. చాలాచోట్ల ఎన్ని విత్తనాలు పడతాయో, ఎన్ని మడకలు కావాలో చెప్పడమే విస్తీర్ణం చెప్పడం. ఊళ్ళోవాళ్ళకు దానితో ఇబ్బంది లేదు, ఎవరి చేను ఎంతో వాళ్ళకు తెలుసు. రెండు ఊళ్ళ లెక్కలను పక్కపక్కన పెట్టాల్సిన కచేరీకే అది పనికిరాలేదు. అందుకే 1802లో కొలత మొదలైంది. మొదలుపెట్టింది కచేరీలోని నలుగురు గుమాస్తాలు. నేల కొలవడం వచ్చినవాళ్ళు అప్పటికి ఈ సీమ మొత్తంలో ఆ నలుగురే దొరికారు. వాళ్ళు నేర్పగా నేర్పగా కొలతగాళ్ళు నూరుమంది దాకా అయ్యారు. చేతిలో 33 అడుగుల గొలుసు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట, అలాంటివి నలభై అయితే ఎకరం. చేలూ మడులే కాదు, బాటలు, ఊరి నత్తం, చెరువు గర్భం, బీళ్ళు, అడవి కూడా కొలిచారు. సాగుకు పనికిరాని గుట్టల్నీ బండల్నీ వదిలేశారు.

కొత్తగా నేర్చుకున్న కొలతగాళ్ళు లక్షల ఎకరాలు కొలిచారు. ఆ లెక్కను నమ్మేదెలా? మన్రో ఏర్పాటులో రెండు ముడులున్నాయి. కొలతగాడికి కూలి ఎకరానికి ఇంత. చేయి తిరిగినవాడు నెలకు ఆరు వరహాలు సంపాదించగలడని అంచనా వేసి ఆ రేటు కట్టారు. పదేసి మందికి ఒక తనిఖీదారు. అతనికి మాత్రం జీతం నెలకు. ఎకరాల మీద కూలి తీసుకునేవాడికి తొందర ఉంటుంది, నెల జీతగాడికి ఉండదు. కాబట్టి తనిఖీదారు కొలిచిన చేనునే మళ్ళీ నిదానంగా కొలిచి చూడగలడు. ఇది మొదటి ముడి. రెండోది ఆ రెండు కొలతల మధ్య తేడాకు గీసిన గీత. ఖుష్కీ (మెట్ట) నేలలో నూటికి పది, తరి (మాగాణి) నేలలో నూటికి ఐదు. తేడా అంతలో ఉంటే లెక్క నిలిచినట్టే, దాటితే కొలతగాడు ఇంటికి. అది తొందరవల్ల వచ్చిందా, అజాగ్రత్తా, రైతు లంచం ఇవ్వడంవల్ల వచ్చిందా అని విచారించే పని లేదు. కొలతగాడి మనసులో ఏముందో తేల్చే బాధ్యతను నియమం తన మీద వేసుకోలేదు, అంకెలను మాత్రమే చూసింది. ఎక్కువ కొలిచి కూలి పెంచుకున్నవాడూ, తక్కువ కొలిచి రైతుకు మేలు చేసినవాడూ దానికి ఒకటే.

ఇద్దరు కొలిస్తే తేడా వస్తుందని ఒప్పుకోవడమే అప్పటికి పెద్ద సంగతి. కరణం లెక్కకూ రెడ్డి మాటకూ పొంతన కుదరకపోతే ఎవరో ఒకరు అబద్ధమాడారనే పాత కచేరీలు అనుకునేవి. సాయంత్రానికి ఎవరి మాట చెల్లితే వాళ్ళదే నిజం. పైమాషీ అలా కాదు. ఇద్దరూ నిజాయితీపరులైనా లెక్కలు అచ్చంగా ఒకటి కావని మొదటే ఒప్పుకుని, ఎంతవరకు కాకపోయినా ఫరవాలేదో చెప్పింది. ఖుష్కీకి ఒక హద్దు, తరికి ఇంకో హద్దు పెట్టడంలోనూ తర్కం ఉంది. మడికి గట్లు ఉంటాయి, అంచు స్పష్టం. దాని మీద శిస్తు చేని శిస్తుకు ఎన్నో రెట్లు. రేగడి చేని పొలిమేర ఎక్కడ ఆగుతుందో, ఎర్ర గరుసు నేల ఎక్కడ బీడులో కలిసిపోతుందో కొలిచేవాడి అడుగుల మీద ఆధారపడుతుంది. అంచు తెలియని చోట సడలింపు ఇచ్చి, తప్పు ఖరీదైన చోట బిగించారు.

ఇప్పుడా నియమాన్నే పరీక్షకు పెడదాం. ఇరవై గొలుసుల పొడవు, ఇరవై గొలుసుల వెడల్పు ఉన్న చేను తీసుకుంటే నాలుగు వందల గుంటలు, అంటే పదెకరాలు. కొలతగాడు ఒక వైపు ఒక్క గొలుసు ఎక్కువ లెక్కపెట్టాడు. 420 గుంటలు వచ్చాయి, తేడా సరిగ్గా నూటికి ఐదు. చేనైతే మాట్లాడేదే లేదు. మడైతే కత్తి అంచు మీద ఉన్నాడు. హద్దు దాటితేనే వేటు కాబట్టి బతికాడు. అదే ఖుష్కీ చేనులో రెండు వైపులా ఒక్కో గొలుసు పొరబడితే 441 గుంటలు. అసలు లెక్క 400 మీద చూస్తే తేడా 10.25 శాతం, ఉద్యోగం పోయింది. తప్పుడు లెక్క 441 మీద చూస్తే 9.3 శాతమే, ఉద్యోగం నిలిచింది. చేను అదే, పొరపాటు అదే, శాతం దేని మీద కట్టారన్నదే తేడా. చిన్న మడిలో ఇంకో చిక్కు. నాలుగు గొలుసులకు ఐదు గొలుసులుండే అరెకరం మడిలో పొట్టి వైపు అర గొలుసు తేడా వస్తే చాలు, ఇరవై గుంటలు ఇరవై రెండున్నర అవుతాయి. నూటికి పన్నెండున్నర. పదెకరాల చేనులో ఒక గొలుసు మొత్తం పొరబడినవాడు బతికి, అరెకరం మడిలో సగం గొలుసు పొరబడినవాడు పోతాడు. పెద్ద చేను పొరపాటును మింగేస్తుంది, చిన్న మడి బయటపెడుతుంది. శాతంతో కట్టిన ఏ నియమానికైనా ఇది పుట్టుకతో వచ్చే గుణం.

ఇదంతా కాగితం మీది చమత్కారమని కొట్టిపారేయడానికి లేదు. నేడు సమాచారం సరిచూసే ప్రోగ్రాములు రాసేవాళ్ళు రోజూ తలపడేది ఈ ప్రశ్నలతోనే. రెండు సంఖ్యలు దగ్గరగా ఉన్నాయా అని చెప్పే సాధనాన్ని పైథాన్ భాష 2015లో తన 3.5 వెర్షన్‌లో చేర్చుకుంది. శాతం దేని మీద అన్న ప్రశ్నకు దాని జవాబు, రెండింటిలో పెద్దదాని మీద అని. కాబట్టి ఏ సంఖ్యను ముందు పెట్టినా తీర్పు మారదు. అదే భాషలో లెక్కలకు వాడే నంపై లైబ్రరీ రెండో సంఖ్యను ప్రమాణంగా తీసుకుంటుంది. సంఖ్యలను తారుమారు చేస్తే అంచు మీద ఉన్న తీర్పు మారిపోవచ్చు. చిన్న విలువల దగ్గర శాతం మరీ కఠినమవుతుంది కాబట్టి దానికి తోడు ఒక స్థిరమైన సడలింపు కూడా ఇస్తుంది. అంచు మీద ఉన్న విలువలనూ, తారుమారు చేసిన జతలనూ, అతి చిన్న విలువలనూ ఏరి నియమానికి చూపించి అది ఏం తీర్పు చెబుతుందో గమనించడాన్నే యూనిట్ టెస్ట్ అంటున్నాం. పైమాషీ తనిఖీదారుకు అంత తీరిక లేదు. అతను పరీక్షించింది కొలతగాణ్ణి మాత్రమే, నియమాన్ని కాదు. నియమం పరీక్షకు నిలబడింది కచేరీ బయట, చాలా ఆలస్యంగా.

పది శాతం మరీ వదులు కాదా అని అడగవచ్చు. నూరెకరాల ఖుష్కీలో పదెకరాల తప్పును సర్దుకుపొమ్మంటే అది తనిఖీయేనా? ఆ ప్రశ్నకు గొలుసే సమాధానం. పొడవులో నూటికి ఐదు, వెడల్పులో నూటికి ఐదు పొరపాటు వస్తే విస్తీర్ణంలో అది పదిని దాటుతుంది. ఎగుడుదిగుడు నేల మీద, వంకర చేను చుట్టూ, ఎండలో గొలుసు లాగేవాడు ప్రతి వైపునా నూటికి ఐదు లోపల నిలవడం అంత వదులు పనేమీ కాదు. ఇంతకంటే బిగిస్తే నిజాయితీపరుడు కూడా పోతాడు, ఉద్యోగం కాపాడుకోవడానికి కొలతగాడూ తనిఖీదారూ ముందే కూడబలుక్కుంటారు. అప్పుడు పుస్తకంలో అన్నీ సరిపోతాయి, నేల మీద ఏదీ సరిపోదు. తప్పులు అటూ ఇటూ సమానంగా పడుతున్నంతకాలం పది శాతం పెద్ద ప్రమాదం కాదు. ఒక చేను ఎక్కువ, ఒక చేను తక్కువ, ఊరి మొత్తానికి వచ్చేసరికి చాలామటుకు సర్దుకుంటాయి. ప్రమాదమంతా తప్పులు ఒకే వైపు వాలినప్పుడు. ఎకరానికి కూలి తీసుకునేవాడు ఎటు వాలతాడో చెప్పనక్కర్లేదు. ప్రతి చేనులో నూటికి ఎనిమిది ఎక్కువ రాస్తూ పోయినవాడు ఏ తనిఖీలోనూ దొరకడు. కానీ ఊరి మొత్తం లెక్క నూటికి ఎనిమిది పెరుగుతుంది.

గొలుసు విస్తీర్ణాన్నే చెబుతుంది, నేల మంచిచెడ్డలను చెప్పదు. కొలత తర్వాత తరగతులు కట్టడానికి వచ్చిన ఉద్యోగులు రెడ్డినీ కరణాన్నీ రైతులనూ వెంటబెట్టుకుని చేలన్నీ తిరిగారు. ఏ చేను ఏ తరగతో చాలావరకు రైతులే తేల్చారు. మన్రో దీన్ని దాచలేదు, ఆ వర్గీకరణ ఉద్యోగిది అనడం కంటే రైతులది అనడమే న్యాయమన్న ధోరణిలో నివేదించాడు. ఇక్కడ పోలిక నియమం అంకెల్లో లేదు, ఇరుగుపొరుగు అసూయలో ఉంది. తన రేగడిని గరుసు తరగతిలో వేయించుకోవాలని చూసేవాడి పక్కన, అలాంటి చేనుకే పెద్ద శిస్తు కట్టబోతున్నవాడు నిలబడి ఉంటాడు. ఊళ్ళకు ఇలాంటి తనిఖీ ఎప్పుడూ ఉంది, దొరలు తెచ్చింది కాదు. రెడ్డి మీద కరణం, కరణం మీద రెడ్డి, ఇద్దరి మీదా రైతులు కన్నేసి ఉంచిన పల్లెల్లోకే పైమాషీ వచ్చింది. మన్రో కచేరీ తెలివి ఆ పాత తనిఖీని తోసేయకుండా, అంకెలు చెప్పలేని చోట దాన్నే ప్రమాణం చేసుకోవడంలో కనబడుతుంది. పోలిక నియమం కచేరీ కనిపెట్టిందేనని వాదించేవాళ్ళూ, పల్లెకు అది ఎప్పటినుంచో ఉందని వాదించేవాళ్ళూ చెరొక సగం చూస్తున్నారు. విస్తీర్ణానికి రాసిపెట్టిన హద్దు కచేరీది. నాణ్యానికి నోటి తీర్పు ఊరిది.

చేను కొలత తనిఖీ అయింది, తరగతి తేలింది, రేటు కట్టారు. ఇక కూడికలే మిగిలాయి. ఆ కూడిక దగ్గరే మొత్తం వ్యవహారం తడబడింది. చేనుచేనుకూ సగటు పంట చూసి కట్టిన శిస్తులను తాలూకా మొత్తానికి కూడితే వచ్చే సొమ్ము, ఆ తాలూకా నిజంగా కట్టగలిగిన దానికంటే ఎక్కువ తేలేది. మన్రో దీన్ని పసిగట్టాడు. ఒక్కో చేను నుంచి మొదలుపెట్టి జిల్లా దాకా పోయే ఏ లెక్కకైనా ఇది సహజమనే ఆయన అభిప్రాయం. అందుకని తాలూకా మొత్తాన్ని విడిగా ఇంకోసారి పోల్చాడు. పాత రాజుల కాలంలో ఎంత వసూలైంది, కంపెనీ వచ్చాక ఎంత వచ్చింది, అంచనాదారులు ఎంత అన్నారు, తెలిసిన రైతులు ఏమంటున్నారు అన్నీ పక్కపక్కన పెట్టి ఒక మొత్తం నిర్ణయించేవాడు. అది అంచనాల కంటే సాధారణంగా నూటికి ఐదు నుంచి పదిహేను తక్కువ. తగ్గించిన సొమ్మును ఊళ్ళ మధ్య, చేల మధ్య పంచారు. తేడాలు వచ్చిన చోట పక్క ఊళ్ళ ముఖ్య రైతులు మధ్యవర్తులయ్యారు.

విడివిడిగా సరైనవన్నీ కలిపితే తప్పెందుకైంది? ఒక కారణం ముందే చూశాం, హద్దు లోపలే ఒకే వైపు వాలిన కొలతలు. అంతకంటే పెద్దది ఇంకొకటి. చేని సగటు పంట ఆ చేను సాగైతే వచ్చేది. కానీ కడప, కర్నూలు లాంటి వానలు నిలకడలేని సీమలో రైతు తన చేలన్నీ ఏటా సాగు చేయడు. ఎద్దులెన్ని ఉన్నాయి, విత్తనాలకు అప్పు పుట్టిందా, మొదటి పదును ఎప్పుడు పడింది అన్నవాటిని బట్టి కొన్నిటిని వదిలేస్తాడు. కాబట్టి చేల సగటులు కూడితే ఊరి సగటు రాదు. ఏ ఒక్క చేను దగ్గర నిలబడి చూసినా ఈ తప్పు కనబడదు. తనిఖీదారు పది శాతం గీత దాన్ని పట్టుకోలేదు, పట్టుకోగల స్థానంలోనే అది లేదు. చేనుచేనునూ తనిఖీ చేయడం అవసరమే, కానీ అది మొత్తానికి పూచీ పడదు. పైమాషీ చరిత్ర నుంచి ఈ మాటకు దొరికే సాక్ష్యమే నాకు అన్నిటికంటే గట్టిదిగా తోస్తుంది. ఎందుకంటే ఆ సాక్ష్యం చెప్పింది పైమాషీ చేయించిన మనిషే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కలెక్టరు మొత్తాన్ని పోల్చింది పాత రాజుల వసూళ్ళతో. నిజాం, టిప్పు కాలాల్లో బిగించి గుంజిన సొమ్మే ప్రమాణమైతే దానికి దగ్గరగా వచ్చిన లెక్క న్యాయమైనదెలా అవుతుంది? కంపెనీకి కావలసింది సొమ్ము, ఈ గొలుసులూ శాతాలూ దానికి కప్పిన తెల్లగుడ్డ కాదా? అభ్యంతరంలో మొదటి సగం నిజమే. సరిచూడటానికి పెట్టుకున్న ఆనవాలే వంకరైతే నియమం ఎంత నిక్కచ్చిగా ఉన్నా వంకర లెక్కనే ఆమోదిస్తుంది. శిస్తు సుమారుగా మొత్తం పంటలో నూటికి 45 వంతులుగా తేలింది. అది ఏ కొలత తప్పువల్లా వచ్చింది కాదు, ఆనవాలులోనే ఉంది. రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోలేం. కేవలం కప్పిపుచ్చడానికే అయితే, 1807లో పని ముగించి వెళ్తూ అదే కలెక్టరు తన పైమాషీ శిస్తులో నూటికి 25 తగ్గించమనీ, బావుల కింది భూములకూ, చిన్న చెరువులను రైతులే బాగుచేసుకునే చోటా నూటికి 33 తగ్గించమనీ అడగాల్సిన పని లేదు. అలా తగ్గిస్తే ప్రభుత్వ వాటా పంటలో మూడో వంతుకు దిగుతుందని లెక్క కట్టాడు. చేను, తాలూకా దాటి మూడోసారి, ఈసారి శిస్తు రేటునే రైతు భరించగలిగిన దానితో పోల్చి చూసి, అది నిలవదని తేల్చాడు.

మద్రాసు ఆ మాట వినలేదు. 1808లో రైత్వారీని పక్కన పెట్టి ఊరి మొత్తాన్ని ఒకరికి మూడేళ్ళ కౌలుకు ఇచ్చే పద్ధతి తెచ్చారు, ఆపైన పదేళ్ళ కౌలు. తగ్గించని పైమాషీ శిస్తుల నీడ ఆ కౌళ్ళ మీద పడింది. చేనును బట్టి, ఏటిని బట్టి సర్దుకునే వీలు పోయి, వానలు లేని ఏడాది కూడా మొత్తం సొమ్ము కౌలుదారు నెత్తిన పడింది. ఊళ్ళను కౌలుకు తీసుకున్న రెడ్లు ఎందరో బాకీపడి చితికిపోయారు. అంటే ఒకప్పుడు కచేరీలో కాగితాల మీద జరిగిన మొత్తం పోలిక ఇప్పుడు మనుషుల మీద జరిగింది. 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాకే రైత్వారీతో పాటు తాను పదమూడేళ్ళ కిందట అడిగిన తగ్గింపులు అమలయ్యాయి. ఆయన ముందే చెప్పాడు కదా అని మెచ్చుకోవడం సులువు. కానీ ఆ శిస్తులు కట్టించిన పైమాషీ కూడా ఆయనదే. చేను స్థాయిలో ఆయన నియమాలు అంత నమ్మకంగా పనిచేయడమే, అంకెలన్నీ తనిఖీ అయ్యాయి కదా అని మద్రాసు నిబ్బరంగా కూర్చోవడానికి ఒక కారణమైందని నా అనుమానం.

ఆ తర్వాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. నవాబు సీమ 1839లో కంపెనీ చేతికి వచ్చింది. 1858లో పత్తికొండ, కోయిలకుంట్ల, కంభం వైపు తాలూకాలు కలిసి కర్నూలు జిల్లా ఏర్పడేసరికి, ఒకే జిల్లాలో పైమాషీ చూసిన ఊళ్ళూ చూడని ఊళ్ళూ పక్కపక్కన చేరాయి. మద్రాసు సర్వే శాఖ వచ్చి సరికొత్త పరికరాలతో, సర్వే నంబర్లతో మళ్ళీ కొలిచింది. కరణాల ఉద్యోగాలు 1984 జనవరిలో రద్దయ్యాయి, లెక్కలు కంప్యూటరెక్కాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన రీసర్వేలో గొలుసుకు బదులు డ్రోన్లూ, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లూ పొలాల్లోకి వచ్చాయి. కొలతలో తప్పు ఇప్పుడు గుంటల్లో కాదు, సెంటీమీటర్లలో. అయినా పోల్చే పని తప్పలేదు. అడంగల్‌లో ఉన్న పాత విస్తీర్ణం ఒకటి, రోవరు చెప్పేది ఇంకొకటి. ఎంత తేడా వరకు ఒకటే అనుకోవాలన్న 1802 నాటి ప్రశ్న ప్రతి సర్వే నంబరు దగ్గరా మళ్ళీ లేస్తోంది. మారింది తేడా వస్తే జవాబు చెప్పాల్సిన మనిషి. నూటికి పది దాటితే అప్పుడు ఉద్యోగం పోయింది కొలతగాడికి. ఇప్పుడు నోటీసు అందేది రైతుకు. పాత కాగితంలో ఉన్న సెంట్లు కొత్త కొలతలో ఎందుకు తగ్గాయో అడగడానికి అప్పీలుతో వెళ్ళాల్సిందీ, తన చేను ఇంతేనని రుజువు తెచ్చుకోవలసిందీ అతనే.